చానల్ ఆగింది, మిషన్ ఆగలేదు: ఒక టైలరింగ్ యూట్యూబర్ కేసు

మోటివేషన్ పోయిందంటూ నా దగ్గరికి సలహాకు వచ్చే కంటెంట్ క్రియేటర్ల (వీడియోలు చేసి పెట్టేవాళ్ల) విషయంలో, పని సరిగ్గా ఏ మెట్టు మీద ఆగిందో ముందు కనుక్కోవాలి. ఆ ఒక్క ప్రశ్న దారి మొత్తం మార్చిన కేసు కాబట్టి దీన్ని రాస్తున్నాను. క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఊరు, కుటుంబ వివరాలు, వీడియోల విషయాలు కొన్ని మార్చాను. చానల్ అంకెల్ని గుండ్రంగా చేశాను.

నేపథ్యం

క్లయింట్ ముప్పైల్లో ఉన్న మహిళ. తెలంగాణలో ఒక మండల కేంద్రంలో ఇంటి ముందుగదిలోనే టైలరింగ్ షాపు. జాకెట్లు, ఫాల్స్, పీకో, పిల్లల లంగా జాకెట్లు కుడతారు, అయిదారుగురు అమ్మాయిలకు పని నేర్పిస్తారు. లాక్‌డౌన్‌లో షాపు మూతపడ్డప్పుడు చానల్ మొదలుపెట్టారు. ఆది జాకెట్టు పెట్టి కొలతలు తీసుకోవడం, క్రాస్ కటింగ్, లైనింగ్ జాకెట్టు మొదటినుంచి చివరిదాకా కుట్టడం లాంటివి, ఒక్కోటి పన్నెండు నుంచి పద్దెనిమిది నిమిషాలు. ఫోనును స్టాండుకి బిగించి కటింగ్ బల్ల మీదకి వంచి తీసేవారు. 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వాచ్‌టైమ్ అనే గీత దాటి మానిటైజేషన్ (ప్రకటనల ఆదాయం) వచ్చింది. రెండు మూడు నెలలకోసారి 100 డాలర్లు పోగై ఖాతాలో పడేవి.

తర్వాత పాత పట్టుచీర అంచును పాప లంగాకి బార్డరుగా వేసిన ఒక నలభై సెకన్ల షార్ట్ 20 లక్షల వ్యూస్ దాకా వెళ్లింది. ఆరు వేలున్న సబ్‌స్క్రైబర్లు కొన్ని వారాల్లో ముప్పై వేలు దాటారు. ఆ తర్వాత పెట్టిన లాంగ్ వీడియోలు మాత్రం, అంతకుముందైతే వారం రోజుల్లో మూడు వేల వ్యూస్ తెచ్చుకున్న రకమే అయినా, వెయ్యి కూడా అందుకోలేదు. చానల్ పతనం ఆ షార్ట్‌తో మొదలైందని ఆమెకు తట్టలేదు. ఆ షార్టే తన సత్తా అనీ, మిగతాదంతా దిగజారడమనీ లెక్క వేసుకున్నారు.

వచ్చిన సమస్య

నాలుగున్నర నెలలుగా ఒక్క వీడియో పెట్టలేదు. "వీడియో పెడదామంటే చెయ్యి లేస్తలేదు మేడమ్. గా ఒక్కటేదో లక్కుల పోయింది, నాకేం రాదు" అన్నారు. రాత్రి ఒంటిగంట దాకా యూట్యూబ్ స్టూడియో (చానల్ లెక్కలు చూపే) యాప్‌లో పాత అంకెలు చూస్తూ కూర్చుంటారు, పొద్దున లేవలేరు. భర్త "కరెంటు బిల్లుకన్న వస్తున్నయా" అని అన్నది రెండుసార్లే. ఆమెకు మాత్రం ఆ మాట రోజూ వినిపిస్తూనే ఉంది.

మొదటి అనుమానం సహజంగానే డిప్రెషన్. డిప్రెషన్ తీవ్రతను అంచనా వేసే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కి 11 వచ్చింది. 10 నుంచి 14 వరకు మధ్యస్థ స్థాయి. చావు ఆలోచనలను అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా. స్కోరులో ఎక్కువ భాగం నిద్ర, అలసట, 'నేను పనికిరాను' అన్న మూడింటి నుంచే వచ్చింది. అయితే అదే సమయంలో షాపులో రోజుకు మూడు జాకెట్లు కుట్టి, చెప్పిన తేదీకి ఇస్తున్నారు, కొత్త గిరాకీ వస్తే సంతోషపడుతున్నారు. ఉత్సాహం అన్నిటా తగ్గి ఉంటే మిషన్ కూడా ఆగాలి. ఇక్కడ ఆగింది చానల్ ఒక్కటే. అందుకని వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపకుండా మూడు షరతులు ముందే రాసుకున్నాం: స్కోరు 15 దాటినా, తొమ్మిదో ప్రశ్నకు సున్నా కానిది ఏది వచ్చినా, షాపు పని ఆగినా పంపాలి. ఎవరికైనా ఇచ్చినట్టే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరు ఇచ్చాను.

అలసట గురించి రక్తపరీక్ష చేయించమన్నాను. హిమోగ్లోబిన్ 9.6 ఉంది. గర్భిణులు కాని స్త్రీలకు 12 కన్నా తక్కువైతే రక్తహీనత. స్థానిక డాక్టరు ఐరన్ మాత్రలు మొదలుపెట్టారు. తర్వాత వచ్చిన మార్పులో ఆ మాత్రల వాటా ఎంత, మా పని వాటా ఎంత అని విడదీయడం కుదరదు. ఇలాంటి ప్రతి కేసులోనూ, ముఖ్యంగా ఆడవాళ్లలో, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూడకుండా 'మైండ్‌సెట్' గురించి మాట్లాడటం నాకు సమ్మతం కాదు.

అప్పటిదాకా ఆమె చేసి చూసినవి

ఏడు వేల రూపాయలు కట్టి ఒక చానల్ గ్రోత్ కోర్సు తీసుకున్నారు. రోజుకో వీడియో చొప్పున ముప్పై రోజుల చాలెంజ్ చేయమన్నారు. ఆమె దాన్ని శ్రావణమాసంలో మొదలుపెట్టారు. వరలక్ష్మీ వ్రతానికి, పెళ్లిళ్లకు జాకెట్లు గుట్టలుగా పడి ఉండే నెల అది. పదకొండో రోజున ఆగిపోయింది. టైలరుకు శ్రావణంలో చాలెంజ్ పెట్టుకోవడమంటే ఓడిపోవడానికి ముహూర్తం పెట్టుకోవడమే, కానీ ఆమెకు మిగిలిన అర్థం 'నాలో పట్టుదల లేదు' అని.

రింగ్ లైటు, కాలర్ మైకు కొన్నారు. అవి పనికొచ్చాయి, కానీ సమస్య వెలుతురులో లేదు. ఒకరి చానల్ ఒకరు సబ్‌స్క్రైబ్ చేసుకునే వాట్సాప్ గ్రూపులో చేరారు. అది యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం, పైగా అలా వచ్చినవాళ్లెవరూ కుట్టుపని చూడరు. యాసను వెక్కిరిస్తూ వచ్చిన కొన్ని కామెంట్లు చూసి, 'గిట్ల', 'ముందుగాల' లాంటి మాటలు తీసేసి కాగితం మీద రాసుకుని చదవడం మొదలుపెట్టారు. చివరికి సిగ్గుగా అనిపించిన పాత వీడియోలు ఇరవై దాకా ఎవరికీ కనిపించకుండా ప్రైవేట్‌లో పెట్టేశారు. ప్రైవేట్, అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవాళ్లకే కనిపించేవి), డిలీట్ చేసిన వీడియోల గంటలు మానిటైజేషన్ అర్హత లెక్కలోకి రావని అప్పటికి ఆమెకు తెలియదు. షార్ట్స్ ఫీడ్‌లో వచ్చిన వ్యూస్ కూడా ఆ 4,000 గంటల్లోకి రావు.

ఆగింది ఎక్కడ

ఒక సెషన్ మొత్తం ఆమె ఫోను బల్ల మీద పెట్టుకుని గడిపాం. ఒక వీడియో పుట్టడానికి ఆమె చేసే పనులన్నీ వరసగా రాశాం: విషయం ఎంచుకోవడం, బట్ట సిద్ధం చేయడం, షూటింగ్, వాయిస్, ఎడిటింగ్, థంబ్‌నెయిల్ (వీడియో ముఖచిత్రం), టైటిల్, పబ్లిష్. ఆఖరుసారి ఏది ఎప్పుడు చేశారో ఒక్కోదాని పక్కన రాయమన్నాను. గ్యాలరీ తెరిస్తే పూర్తిగా ఎడిట్ చేసిన వీడియోలు ఆరు, వాయిస్ మాత్రమే మిగిలినవి మూడు ఉన్నాయి. అన్నీ ఆ నాలుగున్నర నెలల్లో తీసినవే.

అంటే పని చేయాలన్న కోరిక పోలేదు. పబ్లిష్ బటన్ దగ్గర ఆగిపోతున్నారు, కారణం భయం. ఉత్సాహం పోయినవాళ్లకు ఇచ్చే సలహాలు (లక్ష్యాలు, చాలెంజులు, స్ఫూర్తినిచ్చే వీడియోలు) భయంతో తప్పించుకుంటున్నవాళ్లకు ఇస్తే ఇంకా లోపలికి పోతారు. ఎందుకంటే పెట్టకుండా వదిలేసిన ప్రతిసారీ మనసు కాసేపు తేలికపడుతుంది, ఆ తేలికే తర్వాతిసారి కూడా తప్పించుకోమని నేర్పుతుంది.

రెండో విషయం అంకెలు. వీడియో పెట్టిన మొదటి గంటల్లో స్టూడియో డాష్‌బోర్డు, గత పది వీడియోలతో పోల్చి ఇది ఎన్నో స్థానంలో ఉందో చూపిస్తుంది. ఆమె మనసులో అది క్లాసులో ర్యాంకు. షార్ట్ తర్వాత వరసగా 8, 9, 10 వచ్చాయి. సీటీఆర్ (థంబ్‌నెయిల్ కనిపించిన ప్రతి వందసార్లకు ఎన్నిసార్లు నొక్కారో) 3.8 శాతం అంటే వందకు నాలుగు మార్కులని అనుకున్నారు. సగం చానళ్లకు, వీడియోలకు అది 2 నుంచి 10 శాతం మధ్యే ఉంటుందని యూట్యూబ్ సహాయ పేజీలోనే ఉంది. ఆ వాక్యం చూపించినప్పుడు ఆమె ముఖంలో వచ్చిన మార్పు తర్వాతి రెండు సెషన్ల మాటలకన్నా ఎక్కువ పని చేసింది.

సబ్‌స్క్రైబర్ల లెక్క విడదీసి చూశాం. షార్ట్ వల్ల చేరినవాళ్లు నలభై సెకన్ల ముచ్చట చూసి ఇష్టపడ్డవాళ్లు. వాళ్లలో చాలామందికి ఇంట్లో మిషన్ ఉండి ఉండదు, పదిహేను నిమిషాల కటింగ్ పాఠం వాళ్లకెందుకు? లాంగ్ వీడియోలకు వచ్చిన వాచ్‌టైమ్‌లో ఎక్కువ భాగం ఎప్పట్లాగే సెర్చ్ నుంచి, సబ్‌స్క్రైబ్ చేయనివాళ్ల నుంచే వస్తోంది. వ్యూస్ తగ్గినా, సెర్చ్ నుంచి వచ్చే ఆమె పాత ప్రేక్షకులు పూర్తిగా పోలేదు. ముప్పై వేలు అనే పెద్ద అంకె పక్కన పెట్టి చూసేసరికి వాళ్లు కొద్దిమందిలా కనిపించారు.

మొదటి నిర్ణయం

ఆమెను తరుముతున్న ఒక గడువు ఉంది. ఆరు నెలలు, అంతకు మించి వీడియో గానీ కమ్యూనిటీ పోస్టు (చానల్‌లో వీడియో కాకుండా పెట్టే రాత, ఫొటో, పోల్) గానీ పెట్టని చానళ్ల మానిటైజేషన్ తీసేసే హక్కు యూట్యూబ్ ఉంచుకుంది. ఇంకా నెలన్నరే ఉంది. ఆ భయంతో ఎడిట్ అయిన ఆరింటిలో ఒకటి వెంటనే పెట్టించవచ్చు. కానీ భయంతో పెట్టిన వీడియోకు ఆ రాత్రే పదో ర్యాంకు వస్తే మళ్లీ నాలుగు నెలలు పోతాయి. నిబంధనలో 'కమ్యూనిటీ పోస్టు గానీ' అని ఉంది కాబట్టి ఆ దారే తీసుకున్నాం. జాకెట్టు భుజం జారుతుందా, చంక దగ్గర బిగుస్తుందా అని ఒక పోల్ పెట్టారు. గడువు పక్కకు జరిగింది. ఓట్లతో పాటు కింద డెబ్బై దాకా సందేహాలు వచ్చి పడ్డాయి. ప్రైవేట్‌లో పెట్టిన పాత వీడియోలను కూడా మళ్లీ పబ్లిక్ చేయించాం, రోజుకు రెండు మించకుండా.

నిలవనివి

వారానికి రెండు వీడియోల లక్ష్యం రెండో వారానికే పడిపోయింది. ఒక లాంగ్ వీడియోకు ఆమెకు పది పదకొండు గంటలు పడుతోంది. షాపు, ఇల్లు పోగా వారానికి మిగిలేది ఏడెనిమిది గంటలు. లెక్కే కుదరని లక్ష్యం అది.

స్టూడియో యాప్ తీసేయడం కూడా నిలవలేదు. మూడో రోజు నుంచి బ్రౌజరులో చూడటం మొదలైంది. ఎప్పుడొస్తుందో తెలియకుండా అప్పుడప్పుడు వచ్చే బహుమతి, ప్రతిసారీ వచ్చేదానికన్నా బలంగా కట్టిపడేస్తుందని మనస్తత్వవేత్త స్కిన్నర్ ప్రయోగాల కాలం నుంచి తెలిసిన సంగతే. అలవాటు తీసేసిన చోట ఇంకోటి పెట్టకపోతే ఆ ఖాళీలోకి అదే తిరిగి వస్తుంది.

ఒకే వీడియోకు మూడు థంబ్‌నెయిళ్లు పెట్టి పోల్చే సదుపాయం ఆమెకు నచ్చింది, కానీ తక్కువ ఇంప్రెషన్లున్న (థంబ్‌నెయిల్ తక్కువసార్లు కనిపించే) చానళ్లలో అది చాలాసార్లు ఏదీ తేల్చదు. తేలేదాకా రోజూ చూడాలనిపిస్తుంది కూడా. వదిలేశాం.

నిలిచినవి

మొదట పబ్లిష్ అనే మెట్టును చిన్న మెట్లుగా విరగ్గొట్టాం. ఒకటి: ఎడిట్ అయిన వీడియోను అన్‌లిస్టెడ్‌గా పెట్టి, లింకు తన దగ్గర నేర్చుకునే అయిదుగురికి మాత్రమే పంపడం. రెండు: అదే వీడియోను మర్నాడు మధ్యాహ్నం రెండింటికి షెడ్యూల్ చేయడం. ఆ సమయానికి ఆమె మిషన్ మీద ఉంటారు, ఫోను లోపలి గదిలో ఛార్జింగ్‌లో ఉంటుంది. మూడు: కామెంట్లన్నీ రివ్యూ కోసం ఆగేలా సెట్టింగ్ పెట్టి, మొదటి వారం వాటిని ఆడపడుచు కూతురు చూడటం. యాసను వెక్కిరించే మాటలు బ్లాక్ చేసిన పదాల జాబితాలో చేరాయి. పదేపదే వచ్చేవాళ్లను 'హైడ్ యూజర్' చేస్తే వాళ్ల కామెంట్లు చానల్‌లో కనిపించవు, వాళ్లకు కబురు వెళ్లదు, గొడవ ఉండదు.

యాస విషయాన్ని వాదించి ఒప్పించే ప్రయత్నం చేయలేదు, పరీక్ష పెట్టాం. ఒకే వీడియోకు రెండు వాయిస్‌లు: చదివినది ఒకటి, తన మాటలో చెప్పినది ఒకటి. అయిదుగురికీ రెండూ పంపే ముందు, ఏమవుతుందో కాగితం మీద రాయమన్నాను. 'ముగ్గురన్న నవ్వుతరు' అని రాశారు. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు చంక దగ్గర కుట్లకు ఎంత బట్ట వదలాలో మళ్లీ చెప్పమన్నారు, అదీ చదివిన వాయిస్ విన్నాకే. ముందు అంచనా రాయించకుండా ఈ పరీక్ష పెడితే ఫలితం రాదు. 'అనుకున్నట్టే అయింది లే' అని మనసు సర్దేసుకుంటుంది.

తర్వాత వీడియో విషయాలు ఎంచుకునే తీరు మార్చాం. షాపులో కౌంటరు మీద ఒక నోటుబుక్కు. సరిచేయమని వచ్చిన ప్రతి జాకెట్టుకూ ఒక వరుస: ఏం తప్పు, ఎందుకు, ఎలా సరిచేశారు. భుజం జారడం, చంక బిగుసుకోవడం, వెనక మెడ లేచి నిలబడటం, హుక్కుల పట్టీ మధ్య సందు. ఒక్కో తప్పుకు నాలుగు నుంచి ఆరు నిమిషాల వీడియో. మొత్తం జాకెట్టు కుట్టే వీడియోకు పది గంటలు పడితే, దీనికి మూడున్నర చాలు. వెనక మెడ బాగా లోతుగా పెట్టినప్పుడు భుజం కొలత అర అంగుళం తగ్గించి గీయడం గురించి చెప్పిన వీడియో మొదటిది. సెర్చ్ మీద నడిచే ఇలాంటి వీడియోలు మొదటి రెండు రోజుల్లో నత్తనడకే నడుస్తాయి. ఏ వీడియోనూ 28 రోజులు నిండకుండా బాగుందనో బాగాలేదనో అనకూడదని ఒప్పందం చేసుకున్నాం.

ఎడిటింగులో ఒకే మార్పు. ఇదివరకు మొదటి నలభై అయిదు సెకన్లు నమస్కారానికి, సబ్‌స్క్రైబ్ చేయమనడానికి పోయేవి. రిటెన్షన్ గ్రాఫులో (ఏ క్షణానికి ఎంతమంది చూస్తూ మిగిలారో చూపే గీత) ముప్పై సెకన్ల దగ్గర సగం మందే మిగిలేవారు. ఇప్పుడు మొదటి షాట్‌లోనే జారుతున్న భుజం, రెండో షాట్‌లో సరిచేసిన భుజం, ఆ తర్వాతే మాట. అక్కడ మిగిలేవాళ్లు డెబ్బై శాతం దాకా వచ్చారు. ఈ మార్పు ఎంచుకోవడానికి కారణం వ్యూస్ కాదు. చేతిలో ఉన్న ఒక పని మారిస్తే అంకె మారుతుందని ఆమె కళ్లారా చూడాలి. తానీ పని చేయగలనన్న నమ్మకానికి 1977లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా చెప్పిన నాలుగు ఆధారాల్లో బలమైనది స్వయంగా చేసి నెగ్గిన అనుభవం. ఎదుటివాళ్లు పొగడటం అందులో బలహీనమైనది. 'మీరు బాగా చేస్తారు' అని నేను వందసార్లు అన్నా రానిది, ఆ గ్రాఫు గీత కాస్త పైకి లేస్తే వచ్చింది.

అంకెలు చూడటానికి ఆదివారం సాయంత్రం అరగంట. చేతిరాతతో నాలుగు గళ్లు: ముప్పై సెకన్ల దగ్గర మిగిలినవాళ్ల శాతం, సెర్చ్‌లో ఏ మాటలతో వచ్చారు, వచ్చిన కొత్త సందేహాలు, 'కుట్టిన, సరిపోయింది' అన్నవాళ్లు ఎందరు. ర్యాంకుకు, సబ్‌స్క్రైబర్లకు గడి లేదు. నాలుగో గడి పెద్దగా నిండదు. కానీ వాట్సాప్‌లో జాకెట్టు ఫొటో పెట్టి థాంక్స్ చెప్పిన ఒక్కరు వెయ్యి వ్యూస్ కన్నా ఎక్కువ కాలం గుర్తుంటారు.

ఆఖరుది ఏడాది లెక్క. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, షాపు ఖాళీగా ఉంటుంది. అప్పుడు తీసి పెట్టుకుని, శ్రావణంలో షెడ్యూల్ మీద వదలాలి. దసరా, బతుకమ్మ ముందు, మాఘం పెళ్లిళ్లప్పుడు కొత్త షూటింగు లేదు. మూఢం వచ్చిందంటే మళ్లీ షూటింగు. ముందే క్యాలెండరులో రాసుకున్న విరామం ఓటమిలా అనిపించదు.

భర్తను ఒక సెషన్‌కు పిలిచాం. ఆయనది వెక్కిరింత కాదని, రాత్రి నిద్ర లేకపోవడం చూసి కలిగిన చిరాకని తేలింది. చానల్‌ను ఆదాయంగా కాక షాపు ముందున్న బోర్డుగా చూడాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. దాని మీద నెలకు పెట్టే గంటలు, డబ్బు ఎంతకు మించకూడదో కూడా అప్పుడే రాసుకున్నారు.

మళ్లీ జారడం

నాలుగో నెలలో ఒక వీడియోకు పదో ర్యాంకు వచ్చింది. అదే రోజు ఫిల్టరు దాటి ఒక మోటు కామెంటు బయటపడింది. అర్ధరాత్రి వీడియో తీసేయాలనిపించింది. దీనికోసం ముందే కార్డు మీద రాసి మిషన్‌కు అంటించి ఉంది: 'డిలీట్, ప్రైవేట్: ఏడు రోజులు ఆగాలి. ఈలోపు నోటుబుక్కులోంచి తర్వాతి తప్పు తీసి బట్ట కత్తిరించాలి.' కార్డులో రెండో వాక్యం లేకపోతే మొదటిది నిలవదు, ఆగడం ఒక్కటే చేతికి పని ఇవ్వదు కదా. ఆ వీడియో ఉండిపోయింది. నెల తర్వాత ఇంకోటి మాత్రం కార్డు చూడకుండానే డిలీట్ చేశారు. దాన్ని పెద్ద విషయం చేయలేదు, ఎందుకు తీశారో నోటుబుక్కులో ఒక వరుసగా రాయించాం.

ఇప్పుడు

ఎనిమిదో నెలకు పీహెచ్‌క్యూ-9 నాలుగు, హిమోగ్లోబిన్ 11.8. పది పన్నెండు రోజులకో వీడియో. వ్యూస్ షార్ట్ నాటి ఎత్తుకు రాలేదు, వస్తాయన్న అంచనా కూడా పెట్టుకోలేదు. భుజం వీడియో మూడు నెలల్లో పదకొండు వేలు దాటింది, అదీ దాదాపుగా సెర్చ్ నుంచే. చానల్ చూసి పక్క మండలాల నుంచి నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నలుగురు.

తేలనివి రెండున్నాయి. కామెంట్లు ఇప్పటికీ ఆడపడుచు కూతురే ముందు చూస్తోంది. ఇలాంటి రక్షణలు ఎక్కువకాలం ఉంటే భయాన్ని అవే కాపాడతాయి, అందుకని వారానికి ఒక వీడియో కామెంట్లు ఆమే నేరుగా చూసేలా వెనక్కి ఇస్తున్నాం. రెండోది ముఖం. చేతులు, గొంతు మాత్రమే కనిపించే వీడియోలు ఈ రంగంలో మామూలే కాబట్టి అది శైలా, తప్పించుకోవడమా అన్నది బయటినుంచి చెప్పలేం. ఆమె అయితే 'శైలే' అంటున్నారు. వచ్చే ఆషాఢంలో ఒక వీడియోను ముఖం కనిపించేలా తీసి, అయిదుగురికి అన్‌లిస్టెడ్‌గా పంపి, పంపే ముందు ఏమవుతుందో కాగితం మీద రాయడానికి ఒప్పుకున్నారు.